మైకు కాక అడిగిన ప్రశ్న

నెల రోజుల కిందట పని మీద జగిత్యాల వెళ్లి, టవర్ సర్కిల్ దగ్గర చెరకురసం తాగుతూ నిలబడ్డాను. వెనక నుంచి మైకు కాక గొంతు వినబడింది.

"ఇయ్యాల శుక్రారం. శుక్రారం నాడు ఉప్పు కొంటే ఇంటికి మంచిది. గల్లుప్పు, మెత్తుప్పు మీ గల్లికే అచ్చింది."

మైకు కాక చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. పైగా ఆ రోజు బుధవారం. నిజం చెప్పాలంటే మొదటిదానికంటే రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బతికి ఉన్నన్నాళ్లూ ఆ మనిషి మైకులో ఒక్కసారి కూడా వారం తప్పు చెప్పలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఉప్పు బస్తాలతో ఒక ఆటో పోతోంది. ఆ రికార్డు చేసింది నేనే. కోరుట్లలో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. కాక చివరి రోజుల్లో ఆ ఉప్పు అమ్మే అతన్ని వెంటబెట్టుకుని వచ్చి, నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఏడు వారాలకు ఏడు రికార్డులు చేయించాడు. ఒక్కటి చాలదా కాక అని అడిగాను. "సోమారం నాడు శుక్రారం అంటే, ఉప్పు గూడ అబద్ధమే అనుకుంటరు కొడుకా" అన్నాడు. ఉప్పు అతను ఏడూ తీసుకుపోయి ఒక్కటే పెట్టుకుని తిరుగుతున్నాడు. బేరం బాగానే సాగుతున్నట్టుంది, బస్తాలు సగానికి పైగా ఖాళీ అయ్యాయి.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకొక ఆలోచన వచ్చింది. ఎన్నికల ముందు నాకు ఆలోచనలు వస్తాయి. మా ఇంట్లో వాళ్లు దానికి భయపడతారు.

ఈసారి కూడా మా అక్క మా వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడుతోంది. పోయినసారి మూడు ఓట్లతో ఓడిపోయింది. వేల ఓట్లతో ఓడినవాళ్లు నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. మూడు ఓట్లతో ఓడిన ఇంట్లో అలా కుదరదు. పాలు పోసే ఆవిడ వచ్చినా, కరెంటు బిల్లు కొట్టే అతను వచ్చినా, ఆ ముగ్గురిలో వీళ్లొకరేమో అని మొహంలోకి చూస్తాం. అక్క ఈసారి ముందే చెప్పేసింది. "ఇదే ఆఖరురా తమ్మీ. ఈసారి ఓడితే మళ్ల చాట పట్టుకుంట" అంది. చాట అంటే బీడీల చాట. ఆమె పదిహేనేళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసింది. వార్డులో ఆడవాళ్ల పీఎఫ్ కాగితాలు, పింఛను కాగితాలు నింపి పెట్టీ పెట్టీ పేరు తెచ్చుకుంది. ఆమె గెలవాలని నాకు ఎంత ఉందంటే, చనిపోయిన మనిషిని కూడా వదిలిపెట్టకూడదనిపించింది.

ఇప్పుడు కంప్యూటర్‌కు ఎవరి గొంతైనా నాలుగు నిమిషాలు వినిపిస్తే చాలు, ఆ గొంతుతో మనం ఏది రాసిస్తే అది చదువుతుంది. నా దగ్గర కాకవి ఏడు రికార్డులు ఉన్నాయి. ఆ గొంతుతో అక్కకు ఓటేయమని చెప్పించాలి. కోరుట్లలో ఆ గొంతును నమ్మని మనిషి లేడు. అయితే ముందు కాక భార్యను ఒక మాట అడగాలి. నేను ఆమెను చిన్నమ్మ అంటాను. మర్నాడు పొద్దున్నే వెళ్లాలని బస్సులోనే నిశ్చయించుకున్నాను.

కాక నాకు చుట్టం కాదు. ఊళ్లో అందరికీ ఆయన కాకే. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. ఆటోలో డ్రైవర్ పక్కన ఒరిగి కూర్చుని, మైకుకు తడి చేతిరుమాలు చుట్టి పట్టుకునేవాడు. మైకులో ఆ గొంతు విని ఎవరో ఆరడుగుల మనిషి అనుకుని బయటికి వచ్చినవాళ్లు, ఆయన్ని చూసి ఇంకెవరైనా ఉన్నారేమో అని ఆటో వెనక్కి తొంగి చూసేవాళ్లు.

మైకు లేకపోతే ఆయన మాట ఎవరికీ వినబడేది కాదు. హోటల్లో చాయ్ అని మూడుసార్లు అనాల్సి వచ్చేది. ఆయనతో మాట్లాడీ మాట్లాడీ నాకు మెడ నొప్పి వచ్చేది, అంత కిందికి వంగాలి. జెర పెద్దగా మాట్లాడరాదా కాక అని ఒకసారి విసుక్కున్నాను. "గొంతు బ్యాటరీ లెక్క. ఊకె వాడితే దిగుతది" అన్నాడు. ఆ మాట కూడా రెండోసారి చెప్పించుకుంటే గాని నాకు అర్థం కాలేదు.

తప్పిపోయిన బర్రె, రేపటి కరెంటు కోత, కంటి ఆసుపత్రి వాళ్ల క్యాంపు, చీరల సేలు, ఎన్నికలు, ఏదైనా సరే, ముందు ఆ రోజు వారం చెప్పేవాడు. "ఇయ్యాల సోమారం" అని కాసేపు ఆగేవాడు. తర్వాతే బర్రె సంగతి. ఎందుకని అడిగితే నాకు ఇలా చెప్పాడు.

"ముందుగాల ఒక నిజం చెప్పాలె. ఇంట్లున్నోళ్లు క్యాలెండర్ దిక్కు చూస్తరు. ఔ, నిజమే గదా అనుకుంటరు. ఇగ రెండో మాట గదే ఊపుల లోపలికి పోతది."

"రెండో మాట అబద్ధమైతే?"

ఆయన ఆలోచించాడు. తేలికగా తీసుకునే ప్రశ్న కాదని ఆయనకు తెలిసినట్టే ఉంది. "గది చెప్పిచ్చుకున్నోడు చూస్కోవాలె" అన్నాడు.

ఆయనది సిరిసిల్ల. పడుచుతనంలో అక్కడ మరమగ్గాల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పోయిన ఎన్నికలకు కండువాలు, జెండాలు తేవడానికి ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం. షెడ్డులో ఒక సాంచ మీద మా పార్టీ రంగు బట్ట నడుస్తోంది. పక్క సాంచ మీద అవతలి పార్టీది. రెండూ ఒకే యజమానివి. నేను మొహం చిట్లించాను. యజమాని బయటికి తీసుకొచ్చి, "రెండిటికి ఒకటే నూలు సారూ. రంగు ఒక్కటే తేడా" అన్నాడు. కాక తలూపి, "నా పని గూడ గంతే" అన్నాడు.

లోపల సాంచల చప్పుడులో చెవి దగ్గర అరిచినా వినబడదు. కాక పాత దోస్తు ఒకాయన అక్కడే పనిచేస్తున్నాడు. ఇద్దరూ పెదవులు మాత్రం కదుపుతూ, ఎదురెదురుగా నిలబడి, పది నిమిషాలు తీరుబడిగా మాట్లాడుకున్నారు. పిల్లల పెళ్లిళ్లు, నడుం నొప్పులు, చచ్చిపోయినవాళ్లు, అన్నీ అయిపోయాయి. తర్వాత కాక నా వైపు తిరిగి, నేను అక్క కోసం రాసిన నినాదాన్ని ఆ దోస్తు ముందు చెప్పమని సైగ చేశాడు. "సమగ్ర అభివృద్ధికి, పారదర్శక పాలనకు, ప్రజల భాగస్వామ్యానికి" అని నేను గట్టిగానే చెప్పాను. దోస్తు నా నోటి వైపు శ్రద్ధగా చూసి కాకను ఏదో అడిగాడు. బయటికి వచ్చాక ఏమన్నాడని అడిగాను.

"ఈ సారుకు పన్ను నొస్తుందా అన్నడు. సాంచల నడుమ పొడుగు మాట సగం దారిలనే పడిపోతది కొడుకా. ఎలక్షన్ గూడ సాంచల షెడ్డే."

ఎన్నికల్లో ఆయన ఇద్దరికీ పనిచేసేవాడు. పొద్దున ఒకరికి, మధ్యాహ్నం మూడు తర్వాత ఇంకొకరికి. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఊళ్లో మైకు చెప్పేవాడు ఆయన ఒక్కడే. మంగలి అందరికీ గడ్డం గీసినట్టు ఇదీ అంతే అని ఊరంతా ఒప్పుకుంది. ఆయనకు ఉన్నది ఒకటే నియమం. అవతలి మనిషి పేరు ఆయన మైకులో రాదు, తిట్టు అంతకన్నా రాదు. "మైకుకు తిట్టుడు తెల్వది, పొగుడుడు తెల్వది. పేరు ఒక్కటే తెలుసు. తిట్టినా గా పేరే పోయి ఇంట్ల కూసుంటది" అనేవాడు.

పోయిన ఎన్నికల్లో మా అక్క మొదటి మీటింగులో ఒక మాట అంది. బీడీలు అప్పజెప్పి, మర్నాటికి ఆకు, పొగాకు తెచ్చుకునే చోటును మా దగ్గర కార్ఖానా అంటారు. మా వార్డులో అది రెండు గదుల పాత ఇల్లు. "పసిపిల్లలు గా దుమ్ముల కూసోని దగ్గుతున్నరు. కార్ఖానకు జెర గాలొచ్చే తీరు చూడాలె" అంది అక్క. అందులో తప్పేముంది? అందరూ చప్పట్లు కొట్టారు. అవతలి వాళ్ల మనుషులు కూడా అక్కడే ఉన్నారని, చప్పట్లలో వాళ్లవీ కొన్ని కలిశాయని తర్వాత తెలిసింది.

మూడో రోజు పొద్దున్నే అవతలి వాళ్ల ఆటో పెద్ద బజారు మీదుగా పోయింది. నేను పళ్లు తోముకుంటూ విన్నాను.

"ఇయ్యాల మంగళారం. అమ్మలారా, అక్కలారా! కార్ఖానా మన వాడల్నే ఉండాల్నా, వద్దా? జెర సోంచాయించుండ్రి."

అంతే. ఆలోచించమనడమే, పేరు లేదు. గుర్తు లేదు. ఆటో మలుపు తిరిగే దాకా మైకు మూగబోయింది. మలుపు తిరిగాక మళ్లీ అదే మాట. అవతలి వాళ్లు మమ్మల్ని తిడతారనుకుని రాత్రింబగళ్లు జవాబులు తయారు చేసుకున్నవాణ్ని, ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

మూడు గంటలకు కాక మా పనికి వచ్చాడు. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకుని తాగుతున్నాడు.

"కాక, పొద్దుగాల ఏందది?" అన్నాను.

"ఏది?"

"కార్ఖానా ముచ్చట."

"గదా. రెండు పేజీలు రాస్కచ్చిండ్రు. అన్ని మీ అక్కను తిట్టుడే. తిట్లు నా మైకుల పోవని చెప్పిన. అయితే నువ్వే ఒక మాట ఇయ్యి అన్నరు. ఇచ్చిన."

"అక్క కార్ఖానా తీసేస్తనన్నదా?"

"నేను గట్ల అన్ననా? ఉండాల్నా, వద్దా అని అడిగిన. ఉండాల్ననే నువ్వు గూడ అంటవ్ గదా."

అంటాను. నా కోపమంతా అందుకే. ఆయన్ని పట్టుకుని దులిపేయాలనిపించింది గాని, ఆయన బరువుకు నిజంగానే ఎగిరిపోతాడేమోనని భయం వేసింది. సరే, ఆ ప్రశ్నకు ఇప్పుడు నువ్వే మా మైకులో జవాబు చెప్పు అన్నాను.

"జవాబు మైకుల లేదు. కార్ఖానల ఉన్నది. మీ అక్కను చాట పట్టుకొని పొయ్యి గాడ కూసుండుమను. ఏం మాట్లాడద్దు. కార్ఖానా తీసేసేటామె అయితే గీడ అచ్చి ఎందుకు కూసుంటదని వాళ్లే సోంచాయిస్తరు. మైకుల అడిగినదానికి మైకుల జవాబిస్తే, అడిగినోడు ఇంక పెద్దగైతడు."

విషం అమ్మినవాడే మందు కూడా చెబుతుంటే ఎవరికి నమ్మబుద్ధి అవుతుంది? నేను వినలేదు. నేను డిగ్రీ చదివాను, నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది, రంగుల మెషీన్ ఉంది. ఒక కరపత్రం తయారు చేశాను. ఎడమవైపు ఎర్ర రంగులో అబద్ధాలు ఏడు, కుడివైపు పచ్చ రంగులో నిజాలు ఏడు. మొదటి అబద్ధం, కార్ఖానా ఊరవతలికి పోతుంది. మొదటి నిజం, పోదు. చాలా అందంగా వచ్చింది. ఇప్పటికీ ఒకటి నా దుకాణంలో దాచిపెట్టుకున్నాను. ఊరవతలికి అన్న మాట అవతలి వాళ్లు కూడా అనలేదని, దాన్ని మొదట అచ్చు వేసింది నేనేనని అప్పుడు నాకు తట్టలేదు.

కరపత్రాన్ని మైకులో కూడా చదవమన్నాను. కాక అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"గిది వద్దు కొడుకా."

"సదువాలె కాక."

"నా గొంతుల పోతే నిజమనుకుంటరు."

"మాకు గావాల్సింది గదే గదా!"

"ఏది నిజమనుకుంటరో నీకు తెల్వది" అన్నాడు. అని, మైకుకు రుమాలు చుట్టి, "ఇయ్యాల బుధారం" అని మొదలుపెట్టాడు. పని ఒప్పుకున్నాక బాగా చేయడం ఆయన అలవాటు. "కార్ఖానా ఊరవతలికి పోతది అన్న మాట అబద్ధం" అని ఆ గొంతులో అంటుంటే నాకే ఒళ్లు జలదరించింది. అవతలి వాళ్ల ఆటో పెద్ద బజారు, దాని పక్క రెండు గల్లీలు మాత్రమే తిరిగింది. మేం వార్డులో ఒక్క గల్లీ కూడా వదల్లేదు. వాళ్లు తీసుకుపోలేని చోట్లకు వాళ్ల మాటను మేం మోసుకుపోయి దించి వచ్చాం.

సాయంత్రానికి ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. నేను సైకిల్ మోటార్ మీద పోతుంటే వినబడింది.

"ఏమే, కార్ఖానా ఊరవతలికి పోతదటనే?"

"ఎవ్వలు చెప్పిన్రే?"

"గాళ్లే. ఇందాక మైకుల చెప్పలే?"

గాళ్లే అంటే మేమే. నా కరపత్రాలను బీడీ కట్టల కింద పరుచుకున్నారు. కాగితం మందంగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

ఆ సంగతి తెలిసి అక్క నన్ను నిలబెట్టి కడిగేసింది. "అరేయ్, నీ సదువు నన్ను ముంచెటట్టున్నది. కాక ఏం చెప్పిండు?" అంది. చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అటక మీది చాట దించి, దుమ్ము దులిపి, కత్తెర వెతుక్కుని, కార్ఖానాకు నడుచుకుంటూ పోయింది. వెంట కార్యకర్తలు బయల్దేరితే ఇంటికి పొమ్మంది.

మూడు రోజులు అక్కడే కూర్చుంది. పొద్దున ఆకు, పొగాకు తీసుకుని గోడవారన కూర్చునేది. కట్టలు అప్పజెప్పడానికి వచ్చినవాళ్లు ఆమెను దాటుకునే పోవాలి. మొదటి రోజు ఎవరూ పలకరించలేదు. రెండో రోజు ఒక ముసలామె ఆగి, "ఏం బిడ్డా, చెయ్యి మర్శిపోలేదా?" అని అడిగింది. "చెయ్యెట్ల మర్శిపోతదవ్వా" అంది అక్క. అంతకు మించి ప్రచారం జరగలేదు. మూడో రోజు వాళ్లలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈ గోడకు ఒక కిటికీ పెడితే అయిపోతుంది గదా, గింతదానికి కార్ఖానా పోవుడెందుకు అని ఒకామె అంటే, మిగిలినవాళ్లు అదే కదా అన్నారు. అక్క తల వంచుకుని దారం చుడుతూ కూర్చుంది.

ఆ సాయంత్రం కాక మైకు పని ముగించుకుని కార్ఖానా గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. ఆడవాళ్ల మధ్య అక్కను కాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఏదో అన్నాడు. నేను వంగాను. "ఇగ గెలుస్తది" అన్నాడు. ఏ ఎన్నికలోనూ ఎవరు గెలుస్తారో చెప్పని మనిషి అన్న మాట అది. నేను నమ్మాను. మిగిలిన రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాం, ఎక్కడికి పోయినా మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు.

మూడు ఓట్లతో ఓడిపోయింది. మళ్లీ లెక్కపెట్టించినా మూడే.

లెక్కింపు కేంద్రం గేటు బయట కాక నిలబడి ఉన్నాడు. అక్క ఏడవలేదు, ఇంటికి పోయి వంట చేసింది. ఆమె బదులు నేను రోడ్డు మీద రంకెలు వేశాను. "పొద్దుగాల విషం అమ్మినవ్, మాపటికి మందు అమ్మినవ్. రెండు చేతులతోని తిన్నవ్ కాక" అన్నాను. పదిమంది చూస్తున్నారు. ఆయన నా మాట పూర్తయ్యే దాకా ఆగి, "ఔ" అన్నాడు. అంతే అన్నాడు. అంత పెద్ద గొంతున్న మనిషి తన తరఫున ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. నేను ఆ తర్వాత ఎన్నడూ దానికి క్షమాపణ అడగలేదు. అడుగుదాం, అడుగుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ ఎన్నిక తర్వాత ఆయన ఎన్నికల పని మానేశాడు. పెద్ద ఎన్నికలకు పెద్దవాళ్లు ఇంటికి కారు పంపినా పోలేదు. బర్రెలు, ఉప్పు, కంటి క్యాంపులు, అంతే. నా మాటలకు మనసు కష్టపెట్టుకున్నాడనుకున్నాను. కాని నా దుకాణానికి రావడం మాత్రం మానలేదు. వచ్చి బల్ల మీద కూర్చుని, నేను ఫ్లెక్సీలు చేస్తుంటే చూస్తుండేవాడు. ఒకసారి ఉన్నట్టుండి, "మైకుల ప్రశ్న అడుగద్దు కొడుకా. జవాబు పొయ్యి ఎవ్వలింట్ల పడ్తదో మనకు తెల్వది" అన్నాడు. ముసలితనం వల్ల అలా అంటున్నాడనుకుని, ఔను కాక అన్నాను.

వానాకాలంలో జ్వరం వచ్చింది. పది రోజులు కూడా ఉండలేదు. ఊళ్లో ఎవరు పోయినా ఆటోలో తిరిగి చెప్పేది ఆయనే. ఆయన పోయిన సంగతి చెప్పడానికి మనిషి లేడు. నేను ఫ్లెక్సీ వేశాను. తేదీ కింద గురువారం అని వారం కూడా రాశాను.

ఉప్పు ఆటో మాట విన్న మర్నాడు పొద్దున పది గంటలకు చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో ఆమె, ఆమె కోడలు, ఆమె చెల్లెలు ముగ్గురూ చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. చిన్నమ్మ చేతిలో కత్తెర ఆకు మీద చకచకా ఆడుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. కంప్యూటర్ గొంతు సంగతి వివరించడానికి చాలాసేపు పట్టింది.

"గొంతేనా? తీస్కపో" అంది. "నేనేమన్న పెట్టెల వెట్టుకుంటనా? ఇంతకు ఏం చెప్పిపిస్తవ్?"

"అక్కకు ఓటెయ్యిమని, చిన్నమ్మా."

కత్తెర ఆగింది. "పోయినసారి గూడ గదే చెప్పిండు" అంది.

"ఎవ్వలు?"

"మీ కాకనే. ఇంట్ల చెప్పిండు. గామె మంచిది, గామెకే ఏయుండ్రి, నేను మైకుల చెప్పేది నా పని అన్నడు. ఆయన గూడ మీ అక్కకే ఏసిండు."

"మరి మీరు?"

ఆమె కోడలి వైపు, చెల్లెలి వైపు చూసింది. వాళ్లిద్దరూ తలెత్తలేదు.

"ఇంట్ల ఆయన మాట ఎవ్వలకు ఇనవడ్తది? నలభై ఏండ్లు గుసగుసనే పెట్టె. కార్ఖానా దూరం పోతదని మైకుల చెప్పిండంటే నిజమే అయ్యుంటదనుకున్నం. మోకాళ్ల నొప్పులకు నేను కార్ఖానకు పోత లేను. కోడలుకేమో గప్పుడు చంటిపిల్ల. మా కట్టలు పక్కింటామె అప్పజెప్తది. కార్ఖానా దూరం పోతే గామె మోస్తదా? ముగ్గురం పొయ్యి గాళ్లకే గుద్దినం."

నేను లెక్క వేయలేదు. వేయాల్సిన అవసరం లేదు. ఆ మూడు అన్న అంకె ఇన్నేళ్లుగా నా తలలోనే ఉంది.

"కాకకు ఎరికేనా?"

"ఓట్లు లెక్కవెట్టిన నాడు ఇంటికచ్చి అడిగిండు, ఎవ్వలకేసిన్రు అని. చెప్పిన. గా పూట అన్నం ముట్టలే. గప్పటికెల్లి ఎలక్షన్ బేరం పట్టలే."

అంటే, నా దుకాణంలో బల్ల మీద కూర్చున్నన్ని రోజులూ ఆయనకు తెలుసు. నేను గేటు బయట అరిచింది తప్పని నాతో అనగలిగిన మనిషి, అది సగం నిజమని ఇంటికి పోయి తెలుసుకుని, దాన్ని లోపల పెట్టుకుని వచ్చి కూర్చునేవాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆడవాళ్ల ముందు బాగుండదని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"మరి మా అక్క మూడు రోజులు కార్ఖానల కూసున్నది గదా చిన్నమ్మా" అన్నాను చివరికి.

"కూసున్నదని ఇన్నం. చూడలే."

ఒక్కసారిగా నాకు ఆ రెండు రోజులు గుర్తొచ్చాయి. వార్డులో ప్రతి ఇల్లూ తిరిగి, అవతలి వాళ్ల ఆటో రాని ఈ గల్లీ చివరికి వచ్చి, ఎండకు తాళలేక ఈ గడపకు ముందే వెనక్కి తిరగడం. కాక మన మనిషే కదా అని నేనే అనడం.

"మీ ఇంటికి మేము రాలే చిన్నమ్మా. మన ఇల్లే గదా అనుకున్నం."

"అవతలోళ్లు గూడ గట్లనే అనుకున్నరు కావచ్చు" అంటూ ఆమె మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. "మా ఇంటికి ఎవ్వలు రాలే. మైకొక్కటే అచ్చింది."